చాలు తప్పిన మాట

ఉప్పల్ చౌరస్తా నుండి వరంగల్లు బాట పట్టి తూర్పుగా పోవువారికి బోడుప్పల్, పీర్జాదిగూడ దాటిన పిమ్మట మేడిపల్లి వచ్చును. నేడచ్చట బాటకు ఇరువైపుల ఇండ్లు, అంగళ్లు, వాహనముల రద్దీయే గాని నాగలి కంటబడుట అరుదు. అయినను ఆ ఊరి పేరు విన్నప్పుడెల్ల మాకు రెండు వస్తువులు స్ఫురించును. తెలుగున మేడి యనగా అత్తిచెట్టు. మేడి యనగా దున్నువాడు చేత పట్టుకొను నాగలి పిడి కూడను. పల్లెల పేళ్లు చెట్లను బట్టి వచ్చుట మనకు పరిపాటి గనుక పీట చెట్టునకే వేయవలెను. కాని నేడు మేము ఎత్తుకొన్న విషయమునకు మొదట పిడియు, పిదప చెట్టును, రెండును పనికి వచ్చును.

విషయమేమన, మాట్లాడుచు మాట్లాడుచు అసలు సంగతిని విడిచి వేరొక వైపునకు పోవుటను ఆంగ్లేయులు ఏయే మాటలతో చెప్పుదురు, మనమేమందుము, ఆ మాటలు ఎచ్చటినుండి నడచి వచ్చినవి అనునది. ఇది నిఘంటువు పని వలె తోచును గాని, ఒక కాలమున మన హైదరాబాదు నగరములో ఈ మాటల వెనుక మనుష్యుల గౌరవమును, స్వేచ్ఛయు నిలిచియుండినవి. అందుచేతనే దీనిని చరిత్రగా చెప్ప సాహసించుచున్నాము.

దుక్కి దున్నువాని చూపు ముందున్న చాలుపై నుండవలెను. మేడిమీద చేయి సడలినచో కర్రు ప్రక్కకు ఒరిగి చాలు వంకరపోవును. లాటిను భాషలో చాలును 'లీరా' అందురు. చాలు తప్పిపోవుటకు వారు కట్టిన క్రియ 'దేలీరారె'. జ్వరము తలకెక్కినప్పుడు రోగి పలుకు పొంతనలేని మాటలను గూర్చి ఆంగ్ల వైద్యులు 'డెలీరియం' అనుట మనము వినుచునే యున్నాము. మన పెద్దలు దానిని సంధి ప్రేలాపన యందురు. ఆ ఆస్పత్రి మాటకు పుట్టినిల్లు పొలమే.

ఆ పొలము నుండియే మరియొక మాట న్యాయస్థానమునకు ఎక్కినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున నున్న రోమను పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథములో సేద్యమును గూర్చి చెప్పుచు, నడుము వంచని వాడు సరిగా దున్నలేడనియు, వాని చాలు వంకరపోవుననియు, ఆ వంకరకు రైతు వాడు మాటయే కచేరీలకు పోయినదనియు వ్రాసెను. రోమను కచేరీలలో ఆ మాటకర్థము, వాదిపక్షమున నిలిచి లోలోపల ప్రతివాదికి తోడ్పడుట. నేటి ఆంగ్లమున 'ప్రివారికేషన్' అనగా సూటిగా ప్రత్యుత్తరమీయక అటునిటు తప్పుకొను మాట. నడుము వంగని దున్నేవాడు ఇరువది శతాబ్దములలో నడుము వంగని వకీలైనాడు.

మన తెలుగులో చాలు అను మాట నాగటి గీతకును చెల్లును, 'ఇక వలదు' అనుటకును చెల్లును. ఉపన్యాసకులు రెండర్థములను గుర్తుంచుకొనుట సభకు మేలు.

ఆంగ్లములో మిక్కిలి వాడుకలో నున్న మాట 'డైగ్రెషన్'. 'గ్రది' యనగా అడుగువేయుట. ముందున్న చిన్న ఉపసర్గకు 'ఎడముగా' అని యర్థము. కావున ఎడముగా అడుగువేయుట. 'ఎక్స్‌కర్షన్' అను మాట నేడు బడిపిల్లల విహారయాత్రకు పేరైనను, పూర్వమది ప్రసంగములో వెలుపలికి పరుగెత్తుటకు కూడ చెల్లెడిది. ఎక్స్‌కర్షన్ అనగా పరుగెత్తిపోవుటయే. 'ర్యాంబ్లింగ్' అనగా గమ్యము లేని తిరుగుడు. 'బై ది వే' అనగా దారి ప్రక్కన. చూడగా ఆంగ్లేయుని మనస్సులో సంభాషణ ఒక బాట. బాట దిగినవాడెవడైనను దారి తప్పినవాడే. ఇందు 'డిసల్టరీ' అను మాట కథ మాకు నచ్చినది. రోమను క్రీడారంగములో రెండు మూడు గుఱ్ఱములను కలిపి తోలుచు, అవి పరుగెత్తుచుండగా ఒకదానిపై నుండి మరియొకదానిపైకి దుముకు రౌతు ఉండెడివాడు. వానిని 'దెసుల్తోర్' అనెడివారు. ఒక్క విషయముపై నిలువక దుముకు మాటలకు వాని పేరు వచ్చినది. ఆంగ్లమున ఇది నిందాపదము గాని, పరుగెత్తు గుఱ్ఱముపై నుండి పరుగెత్తు గుఱ్ఱముపైకి దుమికి క్రిందపడకుండుట చేతకాని విద్య కాదు.

గణితశాస్త్రము కూడ ఒక మాట నిచ్చినది. వృత్తమును ఒక్క బిందువున తాకి తన దారిన తాను పోవు గీతను మన పాఠ్యపుస్తకములలో స్పర్శరేఖ యందురు. ఆంగ్లమున అది 'టాంజెంట్'. విషయమును ఒక్కసారి తాకి ఇక మరలిరాని వానిని వారు టాంజెంటు పట్టినాడందురు. ఇంతకంటె ఖచ్చితమైన నింద మేమెరుగము. ఏలయన ఇందులో తాకుట కూడ లెక్కకు వచ్చినది.

వీటన్నిటికి వేరైనది 'రెడ్ హెర్రింగ్'. హెర్రింగు ఒక చేప. ఉప్పు పెట్టి, పొగ పట్టించి ఎండబెట్టగా ఎఱ్ఱబారి ఘాటైన వాసన కొట్టును. 1807 లో విలియం కాబెట్ అను ఆంగ్ల పత్రికాసంపాదకుడు తన పత్రికలో ఒక ముచ్చట వ్రాసెను. తాను బాలుడుగా నున్నప్పుడు కుందేటిని తరుము వేటకుక్కలను ఈ చేప వాసనతో వేరు దారి పట్టించితినని చెప్పి, నెపోలియను ఓడిపోయినాడన్న తప్పుడు వార్త వెంట పరుగెత్తి ఇంటి సంగతులను మరచిన పత్రికలను ఆ కుక్కలతో పోల్చెను. ఆ మాట వాడుకకు వచ్చుటకు కాబెట్ రచనయే ముఖ్యకారణమని భాషాచరిత్రకారులు తేల్చినారు. ఇచట మాట తప్పినవాడు వేరు, తప్పించినవాడు వేరు. ఈ భేదమును ఆంగ్లము చక్కగా పట్టుకొన్నది.

ఇక మన ఇంటికి వత్తము.

పండితులు వాడు మాట శాఖాచంక్రమణము. కొమ్మనుండి కొమ్మకు తిరుగుట. చంక్రమణమన్నను అడుగులు వేయుటయే. బౌద్ధులు ధ్యానము చేయుచు అటునిటు పచారు చేయు తిన్నెకు చంక్రమము అని పేరు. లాటిను వాని అడుగు బాట విడిచి పోయినది. మన అడుగు చెట్టు విడువలేదు. మేడిచెట్టు మీది పిట్ట ఏ కొమ్మకు పోయినను మేడిచెట్టు మీదనే యున్నది. ఈ రెండు చిత్తరువుల నడుమ నున్న తేడాయే ఈ వ్యాసమునకు ప్రాణము. బాట విడిచినవాడు గమ్యము చేరడు. కొమ్మ మారినవాడు చెట్టును మరికొంత చూచును.

జనుల నోట నున్న మాటలు పండితుల మాటకంటె కారముగా నుండును. డొంకతిరుగుడు అందురు. డొంక యనగా కంచెల నడుమ నుండు ఇఱుకు దారి. అది ఊరు విడిచిపోవు దారి కాదు, చుట్టు తిరిగి ఊరికే వచ్చు దారి. కావున డొంకతిరుగుడు మాటాడువాడు విషయమెరుగనివాడు కాడు, విషయమును చెప్పుటకు జంకువాడు. ఊకదంపుడు అందురు, దంచిన కొలది ఊకయే గాని గింజ రాలదు. సోది యందురు. ఎరుకలసాని చేయి చూచి చెప్పెడి జోస్యమునకు ఆ పేరు. విన్నవారు ఒకనాడు దానిని చెవియొగ్గి వినెడివారు, నేడదే మాట విసుగు పుట్టించు మాటలకు పేరైనది. ఇక బడిపిల్లవాని ఆవువ్యాసము సంగతి తెలియని ఇల్లు లేదు. వాడు ఆవును గూర్చి మాత్రమే వల్లించినాడు. చెట్టును గూర్చి వ్రాయుమనగా రెండు పంక్తులలో ఆవును ఆ చెట్టునకు కట్టి, మిగిలిన పుటయంతయు ఆవును వర్ణించినాడు. అసెంబ్లీ చర్చలకు, పత్రికా సంపాదకీయములకు కూడ ఈ మాట సరిపోవుట చూచినప్పుడు ఆ పిల్లవానిపై మాకు జాలి కలుగును.

వీటన్నిటిలో ప్రసిద్ధమైనది రామాయణములో పిడకల వేట. రామకథ సాగుచుండగా నడుమ లేచి పొయ్యిలోనికి పిడకలు వెదకబోవుట. ఇంత చక్కని సామెతను గూర్చి తప్పు పట్టరాదు గాని, ఒక్క మాట అడుగకుండలేము. ఈ సామెతను కట్టినది ఎవరు? కూర్చుండి కథ వినుచున్నవారు. పిడకల కొరకు లేచినది ఎవరు? కథ ముగిసిన పిమ్మట వీరందరికి వండిపెట్టవలసినవారు. ఎవరికి ఏది అసలు విషయమో కూర్చున్న చోటును బట్టి యుండునని ఈ సామెత తానెరుగకయే చెప్పుచున్నది.

తెలుగువాడు విషయము మార్చునపుడు వాడు మాట మరియొకటి కలదు. 'అన్నట్లు' అనును. ఆంగ్లేయుని 'బై ది వే' దారి ప్రక్కకు తొలగును. మన 'అన్నట్లు' ఇదివరకు ఎవరో అన్నదానికి ముడివేయును. అనినదేమియు లేకపోయినను ముడి వేసినట్లు నటించును. ఉత్తరము ముగించి సంతకము చేయబోవుచు 'అన్నట్లు మరచితిని' అని మొదలుపెట్టి వ్రాసిన నాలుగు పంక్తులలోనే ఆ ఉత్తరము వ్రాయుటకు అసలు కారణము ఉండుట గృహస్థులందరి అనుభవము.

కథ చెప్పుటలో మనవారు దారి తప్పుటను తప్పుగా నెన్నడును ఎంచలేదు. మహాభారతము లక్ష గ్రంథమని ప్రసిద్ధి. ఆ భారతమే తన ఆదిపర్వములో, ఉపాఖ్యానములను విడిచినచో ఇరువదినాలుగు వేలని చెప్పుకొన్నది. అనగా నాలుగింట మూడు పాళ్లు పిల్లకథలును, వాటి వెంట వచ్చిన ధర్మప్రసంగములును. నలుని కథ కురుపాండవుల యుద్ధమునకు ఏమి సంబంధము? జూదమున సర్వము కోలుపోయి అడవిలో నున్న ధర్మరాజు, నాకంటె దుఃఖపడినవాడు కలడా యని అడిగినప్పుడు చెప్పిన కథ యది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు భారతమును తెనిగింపబూనినప్పుడు నలోపాఖ్యానమును పిడకల వేటగా తలపలేదు. నేడు తెలుగు ఇండ్లలో యుద్ధపర్వములలోని వ్యూహముల పేళ్లు చెప్పలేనివారు కూడ నలదమయంతుల హంసను ఎరుగుదురు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో ఈ పద్ధతి మరింత దూరము పోయినది. మణిసిద్ధుడు కాశికి పోవలెను, తోడు కావలెను. తోడు వచ్చు గోపబాలుడు ఒక నియమము పెట్టినాడు. ప్రతి మజిలీలోను తాను చూచిన వింతకు కథ చెప్పవలెను. లేనిచో ముందుకు నడువడు. ఆంగ్లేయుని లెక్కలో దారి విడుచుటయే తప్పు. ఇచట దారి విడిచి కథ చెప్పనిచో దారియే సాగదు. ఆ పుస్తకము పండ్రెండు భాగములుగా పెరిగినది. కాశి చేరుట ఎవరికి గుర్తున్నది?

హరికథకులు దీనిని ఒక విద్యగా అభ్యసించినారు. గజ్జెకట్టి చిడతలు పట్టిన దాసుగారు రుక్మిణీకల్యాణము చెప్పుచుండగా జాము రాత్రి గడచును, పందిటిలో తలలు వ్రాలును. అప్పుడు పిట్టకథ వచ్చును. పిట్ట యనగా చిన్నది. అది ఎగిరివచ్చి వాలి, కునుకు చెదరగొట్టి, ఎగిరిపోవును. ఆదిభట్ల నారాయణదాసుగారి వంటి మహానుభావులు సంగీత సాహిత్యములు రెంటను సభను ఊపి హరికథకు ఎనలేని గౌరవము తెచ్చినారు. వారి తరువాతి తరములలో కొందరు దాసులు పిట్టకథలను పెంచి కథను పిట్టంత చేసినారని పెద్దలు మొరపెట్టుట కలదు. ఆ మొర అన్యాయము కాదు. పిట్టకథకు కొలత యుండవలెను.

ఆ కొలత యేది? ఈ ప్రశ్న కవులకంటె ముందు తార్కికులను బాధించినది. గౌతముని న్యాయసూత్రములలో వాదమున ఓటమికి కారణములైన ఇరువదిరెండు నిగ్రహస్థానములు చెప్పబడినవి. వాటిలో ఒకటి అర్థాంతరము. ప్రస్తుతమైన విషయముతో సంబంధము లేని మరియొక విషయమును ఎత్తుకొన్నవాడు ఓడినట్లే. శబ్దము నిత్యమా యను వాదములో శబ్దమను పదము యొక్క వ్యాకరణమును వివరింపబూనిన వానిని సభ అచటనే ఆపవచ్చును. ఇంత కఠినముగా నియమము పెట్టిన ఆ సంప్రదాయమే మరియొక ప్రక్క తలుపు తెరచినది. గ్రంథములో ఒక విషయము తరువాత మరియొకటి రావలెనన్నచో వాటి నడుమ సంగతి యుండవలెనని చెప్పి, ఆ సంగతిని ఆరు విధములుగా లెక్కించినారు. అందు మొదటి దాని పేరు ప్రసంగము. తలపునకు వచ్చినదియు, ఉపేక్షింప తగనిదియు అయినచో అది ప్రసంగము. ఇంతే లక్షణము.

మేము ఈ లక్షణమును చదివి చాలసేపు నిలిచిపోయితిమి. తలపునకు వచ్చుట ఒక్కటి చాలదు. తలపునకు ఎన్నియో వచ్చును. ఉపేక్షింప తగనిదిగా కూడ నుండవలెను. అర్థాంతరమునకు ప్రసంగమునకు నడుమ నున్న గోడ ఈ రెండవ మాటయే.

మీమాంసకులు ఈ పదమునే వేరొక విధముగా వాడిరి. జైమిని సూత్రములలో చివరిదైన పండ్రెండవ అధ్యాయమునకు ప్రసంగమే విషయము. ఒకదాని కొరకు చేసిన పని మరియొకదానికి కూడ ఉపకరించుట ప్రసంగమని వారి నిర్ణయము. శబరస్వామి ఇచ్చిన దృష్టాంతము మిక్కిలి ఇంపైనది. మేడలో వెలిగించిన దీపము రాజమార్గమునకు కూడ వెలుగునిచ్చును. వెలిగించినవాడు బాటసారిని తలచుకొని వెలిగింపలేదు.

ఇట్లు ప్రక్కకు సంబంధించిన మాటకు పేరైన ప్రసంగము, కాలక్రమమున తెలుగులో నిలువెత్తు ఉపన్యాసమునకు పేరైనది. బైబిలు తెలుగు అనువాదములో ఎక్లీజియాస్టీస్ గ్రంథమునకు ప్రసంగి యని పేరుపెట్టినారు. అచట ప్రసంగి యనగా సభలో పలుకు బోధకుడు. మద్రాసులో 1938 లోను, విజయవాడలో 1948 లోను రేడియో కేంద్రములు నెలకొన్నవి. హైదరాబాదులోని డెక్కన్ రేడియో 1950 లో ఆలిండియా రేడియోలో కలిసినది. ఈ కేంద్రములనుండి వెలువడిన తెలుగు ఉపన్యాసములన్నియు ప్రసంగములే. ముందుగా వ్రాసి యిచ్చి, నిమిషములు లెక్కించి, వ్రాసినది వ్రాసినట్లు చదువుట వాటి మర్యాద. అంగుళమైన దారి తప్పుటకు వీలులేని మాటకు దారి తప్పుటకు పెట్టిన పేరు వచ్చిచేరినది. భాష ఇట్టి హాస్యములు చేయుచుండును.

అయితే పాత అర్థము పూర్తిగా పోలేదు. అధికప్రసంగము అను మాటలో అది దాగియున్నది. పెద్దల నడుమ పిల్లవాడు నోరు విప్పినచో 'అధికప్రసంగము చేయకు' అందురు. వాడన్న మాట నిజమా కాదా యని చూడరు. సంబంధించినదా కాదా యని కూడ చూడరు. చిన్నవాడు పలికినాడు, అదియే అధికము. ఆంగ్లమున సరిగా ఇట్టి చరిత్రయే గల మాట 'ఇంపర్టినెంట్'. మొదట దాని అర్థము, విషయమునకు సంబంధించనిది అని మాత్రమే. న్యాయవాదులును తార్కికులును ఆ యర్థముననే వాడిరి. రానురాను అది పొగరుబోతు అను అర్థమునకు దిగినది. నౌకరు, పిల్లవాడు, క్రిందివాడు ఏమి పలికినను ఇంపర్టినెంటే. సముద్రములకు ఆవల ఒక భాషయు, ఈవల ఒక భాషయు ఒకదానినొకటి చూడకయే ఒక్క మెట్టు దిగినవి. మొదట మాటను కొలిచిన పదము పిదప మాటాడువానిని కొలువసాగినది.

ఆ కొలత మన నగరములో ఎట్లు పనిచేసినదో ఇక చెప్పవలెను.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణమున నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహర్షి కార్వే అధ్యక్షుడు. విషయము సంఘసంస్కారము. వక్తలు ఆంగ్లములోను, ఉర్దూలోను, మరాఠీలోను మాటాడిరి. సభ శ్రద్ధగా విన్నది. అల్లంపల్లి వెంకటరామారావుగారు లేచి ఒక తీర్మానముపై తెలుగులో మాటాడబూనగానే సభలో ఎకసక్కెములు, ఈలలు, చప్పట్లు చెలరేగినవి. ఆయన మాటాడినది తీర్మానమును గూర్చియే. విషయము తప్పలేదు. భాష తప్పినదని సభ తలచినది. తెలుగువారు పెక్కుమంది నివసించు రాజ్యపు రాజధానిలో తెలుగు పలుకుట అధికప్రసంగమైనది.

ఆ అవమానము సహింపలేని కొందరు తెలుగువారు వెంటనే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దాని నడకకు వెన్నెముకయైనారు. నేడు ఆ మహాసభలో ఏయే తీర్మానములు నెగ్గినవో చెప్పగలవారు అరుదు. తీర్మానముల పట్టికలో లేనిదియు, నడుమ తలయెత్తినదియు అయిన భాషాభిమానపు ముచ్చట మాత్రము తెలంగాణ చరిత్రను వ్రాసిన ప్రతివారి పుస్తకములోను కలదు. తలపునకు వచ్చినది, ఉపేక్షింప తగనిది.

ఆ కాలమున నిజాము ప్రభుత్వము సభలను అదుపులో నుంచుటకు వెలువరించిన ఆజ్ఞ గస్తీ నిషాన్ 53 అను పేర ప్రసిద్ధమైనది. సభ జరుపవలెనన్నచో ముందుగా సర్కారు అనుమతి కావలెను. రాజకీయములు పలుకరాదు. కావున సభలు గ్రంథాలయముల పేర, విద్య పేర, సంఘసంస్కారము పేర జరిగినవి. 1901 లో నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసిన నాటి నుండి గ్రంథాలయమే తెలుగువారికి చావడి. ఇప్పుడు ఆలోచింపుడు. గ్రంథాలయమును గూర్చి మాటాడబూనినవాడు చదువరులను గూర్చి మాటాడక తప్పదు. చదువరులు లేరేమనగా బడులు లేవు. ఉన్న బడులలో తెలుగు లేదేమనగా రాజభాష ఉర్దూ. 1918 లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనకు కూడ ఉర్దూయే. ఏలయిట్లని అడిగినచో అది రాజకీయము. ఒక్కొక్క మెట్టును ఉపేక్షింపరానిదే. నాలుగవ మెట్టు శిక్షార్హము. వక్త ఎచట ఆగవలెను? తర్కశాస్త్రము ప్రకారము ఇది ప్రసంగము. సర్కారు ప్రకారము అర్థాంతరము, ఇంకను మించి నేరము.

1930 లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగినది. అందు కూడ విద్య, సాంఘిక విషయములే ముందున్నవి. అయినను ఆ పిదప పదునైదేండ్లలో ఆ మహాసభ వెట్టిచాకిరిని, దొరల దౌర్జన్యమును, బాధ్యతాయుత ప్రభుత్వమును గూర్చి బాహాటముగా పలుకు స్థితికి వచ్చినది. ఈ మార్పునకు కారణములు పెక్కు కలవు. ఒక్క ఉపన్యాసశైలికే ఘనతను కట్టబెట్టుట మా ఉద్దేశము కాదు. కాని సూటిగా పోవు దారికి అడ్డుకట్ట పడినప్పుడు మాట డొంకదారిన పోవుటను మన పెద్దలు తెలిసి చేసినారనుట స్పష్టము.

పల్లెలలో ఆ పని బుర్రకథ చేసినది. బుర్రకథలో ముగ్గురు. నడుమ తంబుర పట్టినవాడు కథకుడు. ఇరువైపుల గుమ్మెటలు వాయించు వంతలు ఇద్దరు. వారిలో ఒకనిది హాస్యము, రెండవవానిది రాజకీయము. ఇంతకంటె నిర్మొగమాటమైన ఏర్పాటు మేమెచటను చూడలేదు. దారి తప్పుటకే ఒక మనిషిని నియమించుకొన్న కళ యిది. పల్నాటి యుద్ధము చెప్పుచున్నను, బొబ్బిలి కథ చెప్పుచున్నను, రాజకీయపు వంత నడుమ అడ్డుతగిలి నేటి ధాన్యపు ధరను, నేటి జమీందారును కథలోనికి లాగును. కథకుడు 'మన కథకు రమ్ము' అని కసరుకొని మరల తంబుర మీటును. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ గారు 1940 ల నుండి ప్రజానాట్యమండలితో కలసి ఈ కళను ఊరూర ఊపిరి పోసి నిలిపిరి. 1986 లో పద్మశ్రీ పొందిరి. ఒక కాలమున మద్రాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. రెండు ప్రభుత్వములును పల్నాటి యుద్ధమునకు భయపడి యుండవు. భయము గుమ్మెట వాయించువాని అధికప్రసంగమునకే.

ఇంత చెప్పి, విషయము తప్పిన ప్రతివానిని వెనుకవేసుకొని వచ్చుట మా అభిమతము కాదు. ఎఱ్ఱచేప వాసనతో జనులను తప్పుదారి పట్టించువారు నాడును కలరు, నేడును కలరు. ధరలను గూర్చి అడిగినచో పూర్వుల ప్రతాపమును గూర్చి చెప్పు వక్తను ప్రసంగి యనలేము. వాడు తలపునకు వచ్చినది చెప్పుట లేదు. మన తలపులో నున్నదానిని తుడుచుచున్నాడు. బుర్రకథ వంత ధాన్యపు ధరను కథలోనికి తెచ్చినాడు. ఈ వక్త ధాన్యపు ధరను సభనుండి గెంటినాడు. ఇద్దరును విషయమును మార్చినవారే.

రేడియో ప్రసంగములను ఇంటిల్లిపాది కూర్చుండి వినెడి కాలము మాకు బాగుగా జ్ఞాపకమున్నది. ఒకనాటి సాయంకాలము పైరుల తెగుళ్లను గూర్చి ఒక వక్త మాటాడెను. తెగుళ్ల పేళ్లు, మందుల పేళ్లు, ఎకరమునకు ఎంత చల్లవలెనను లెక్కలు చదువుచు, నడుమ ఏమి తోచెనో, తన తల్లి పెసర విత్తనములను జల్లించిన బూడిదతో కలిపి కుండలో పోసి, మూతికి పేడయు మట్టియు కలిపి మెత్తెడిదని రెండు మాటలు చెప్పి, మరల లెక్కలలోనికి పోయెను. ఆ రెండు మాటలు కాగితముపై నుండెనో, నోటినుండి జారెనో తెలియదు. ప్రసంగము ముగిసిన పిమ్మట మా నాయనమ్మకు ఒక్క తెగులు పేరైనను గుర్తులేదు. 'మెత్తునప్పుడు బూడిద చల్లారి యుండవలెనా, వెచ్చగా నుండవలెనా? అది చెప్పడేమి?' అని ఆమె రేడియో పెట్టెను అడిగినది. ఆ యేడు మా ఇంట అటుకమీద పెసలకుండ ఒకటి మట్టితో మూతి మెత్తుకొని కూర్చున్నది. తొలకరికి విప్పి చూడగా పురుగు పట్టలేదు.